నలుగురం, ఐదు రాళ్లు

తెల్లారి నాలుక్కి కాశీబుగ్గలో ఆటో ఎక్కాం:
జీడిపప్పు మిల్లులో పద్దులు రాసే నేను,
అక్కడే మిషన్లు బాగుచేసే ఢిల్లేశు,
హైస్కూల్లో డ్రిల్లు నేర్పే హైమ,
ఆమె తమ్ముడు నీలకంఠం, వాడి కొత్త బూట్లు.

మందస దాటాక రోడ్డు మట్టయింది,
మట్టి మంచయింది.
లైటు ముందు తెల్లటి గోడ.
గోడలోంచి ఒక కుక్క,
కుక్క వెనక సవర జమ్మయ్య.

మొహాలు చూళ్లేదు, ముందు కాళ్లు చూశాడు.
"ఈ బూట్లు పెళ్లికి బాగుంటాయి బాబూ" అన్నాడు.
నా చొక్కా అంచు వేళ్లతో నలిపి
"నూలుగుడ్డ. సెమట తాగితే ఒగ్గదు.
పైన గాలికి అదే ఐసైపోద్ది.
ఇంకోటుందా సంచిలో?"
ఉంది. హైమ పెట్టించింది.

దారి మొదట్లో ఒక బల్లరాయి.
గెడ్డలోంచి మనిషికో గులకరాయి ఏరమన్నాడు.
"ఎల్లినప్పుడు ఎట్టండి.
దిగినాక ఎవుల్ది ఆలు తీసీసుకోండి."
పెట్టాం.
అప్పటికే అక్కడ ఇంకో రాయుంది,
నాచు పట్టి, పొయ్యి పక్క పిల్లిలా ముడుచుకుని.
ఎవరిదని అడగలేదు. పళ్లు టకటకలాడుతున్నాయి.

రాతి మీద వెదురాకు,
ఆకు మీద మంచు,
మంచు మీద ఢిల్లేశు మడమ.
ఆ పాఠం వాడు కూర్చుని నేర్చుకున్నాడు.

జమ్మయ్య నోరు మూయడు.
చెట్లతో, కుక్కతో, పోయిన పెళ్లాంతో మాటలు.
చాదస్తం అనుకున్నాను.
"మనం వస్తన్నట్టు ఎలుగుకి ముందే తెలాల.
తెలిస్తే అదే తప్పుకుంటాది.
తెలక ఎదురైతే దాని తప్పు కాదు."
అప్పట్నుంచి హైమ గట్టిగా పదిహేడో ఎక్కం,
వెనక మేం ముగ్గురం.
పదిహేడు ఎనిమిదుల దగ్గర తప్పింది నేనే,
లెక్కలు రాసేవాణ్ణి.

కందిచేను అడ్డమొస్తే చుట్టూ తిప్పాడు.
మధ్యలోంచి పోతే పది నిమిషాలు కలిసొస్తాయన్నాను.
"మీకు పది నిమసాలు.
సుక్కాయికి ఏడాది."

నీలకంఠం కమలా తొక్క విసిరాడు.
జమ్మయ్య వంగి ఏరాడు, తువ్వాల్లో మూటకట్టాడు.
"తొక్కే కదా తాతా, మట్టిలో కలిసిపోద్ది."
"కలిసేదాకా సూసేది మేమే కదా."
చుట్ట మాత్రం రోజంతా చెవి మీదే ఉంది, వెలిగించలేదు.
ఎండిన బోదగడ్డి ఆయన మోకాళ్లకి రాసుకుంటూ ఉంది.

పన్నెండున్నరకి శిఖరం కనబడింది,
చెయ్యి చాస్తే అందేలా.
పొద్దున తొంభై ఉన్న నా ఫోను
చలి తినేసి మూడు మిగిల్చింది.
అప్పుడు లోయలోంచి లేచింది మంచు,
పొయ్యి మీద ఎవరూ చూడని పాలలాగా.
జమ్మయ్య చెయ్యి చాచి తన వేళ్లు తను చూసుకున్నాడు.
కుక్క ముందే వెనక్కి తిరిగింది.

"అరగంట!" అన్నాడు నీలకంఠం, "ఇంత దూరం వచ్చి!"
"పుష్యమాసం బాబూ. పూస గుచ్చినంత పొద్దు.
అందులో సగం దిగడానికి దాయాల."
దారంతా వాడు మాట్లాడలేదు,
ఎక్కం కూడా చెప్పలేదు.
కానీ జారే చోటల్లా అక్క చెయ్యి పట్టుకున్నాడు.

బల్లరాయి దగ్గర నాలుగు రాళ్లు తీసుకున్నాం.
"మరి ఇది?"

"మూడేళ్లయింది. నీలం టోపీ కుర్రోడు. ఒక్కడే.
సాయంకాలం పూట వద్దంటే నవ్వినాడు.
పదిమందిమి మూడ్రోజులు ఎతికినాం.
అటేపు ఒడిశాలోకి దిగి బస్సెక్కీసినాడేమో.
పెళ్లయి పిల్లలున్నారేమో.
ఒక్క కబురెడితే తీసీద్దును."
రాయి మీద తడి బొటనవేలితో తుడిచి
ఉన్నచోటే పెట్టాడు.
అప్పుడు వెలిగించాడు చుట్ట.

ఆటోలో ఎవరం ఏమీ అనలేదు.
జేబులో రాయి ఇంకా చల్లగానే ఉంది.
"అక్కా, దిగామని అమ్మకి చెప్పావా?" అన్నాడు నీలకంఠం.
మందస దాటేదాకా సిగ్నల్ లేదు.
రాగానే హైమ ఫోన్లోకి
నలుగురం ఒకేసారి మాట్లాడాం.